ఎంగిలి ప్రశ్న

ఒకటో రోజు

మార్గదర్శకులు రోజూ నివేదిక రాసి పంపాలని నిబంధన. వాటిని ఎవరూ చదవకూడదని కూడా నిబంధన ఉన్నట్టుంది. ఎక్కడా రాసి లేదు కానీ, అందరూ దాన్నే శ్రద్ధగా పాటిస్తారు. కాబట్టి నిర్భయంగా రాస్తాను.

నా పేరు చాముండేశ్వరి. జీవపరిణామం బోధించి బోధించి గొంతు అరగదీసుకున్నదాన్ని. "పరిణామ జీవశాస్త్రంలో పరిశోధనా ఆలోచనల వికాసం" అని పదిరోజుల విద్యార్థి వర్క్‌షాప్ పెట్టి, పిల్లలకి దారి చూపించమని నన్ను తొమ్మిదో లంకకి పిలిచారు. లంకంటే ఏటి మధ్య మట్టిదిబ్బ కాదు. దివిసీమ సముద్రంలోకి పోయాక, ఆ నీళ్ళ మీదే పీపాలూ పలకలూ కట్టి తేల్చిన ఊరు. పడవ దిగగానే ఒక చెంబుడు నీళ్ళు చేతికిచ్చి, "రేపు పొద్దుటిదాకా ఇయ్యేనండి" అన్నారు. చెంబులోకి చూశాను. లేత పచ్చగా ఉన్నాయి. పెసరకట్టు అనుకుని తాగాను.

తర్వాత ప్రారంభోత్సవం. డైరెక్టర్ పేరు ప్రభంజన్. మాట్లాడుతున్నంతసేపూ రెండు చేతులతో గాలిలో పిండి పిసుకుతాడు. "ఆలోచన ఒక కండరం!" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పరిచయాల ఆటలో ప్రతివాళ్ళూ తమని అంతరించిపోయిన జంతువుగా చెప్పుకోవాలట. మస్తాన్ వలీ అనే కుర్రాడు తాను డోడో పక్షినన్నాడు. నాకు ఎలాంటి సందేహమూ కలగలేదు. నా వంతు వచ్చినప్పుడు, నేనింకా అంతరించలేదని చెప్పి కూర్చున్నాను.

ఇక అసలు పద్ధతి. హాల్లో ఒక యంత్రం ఉంది. దాన్ని అందరూ దొడ్డమ్మ అంటారు. ఇప్పటిదాకా మనుషులు అడిగిన ప్రశ్నలూ వాటి జవాబులూ దాని కడుపులో ఉన్నాయి. విద్యార్థి వెళ్ళి తన ప్రశ్న చెప్పాలి. ఎవరూ అడగనిదైతే పచ్చదీపం. ఎవరో ఎప్పుడో అడిగి జవాబు తెలుసుకున్నదైతే ఎర్రదీపం. అది ఎంగిలి ప్రశ్న. ఎంగిలి ప్రశ్నని ఇక్కడ ఎవరూ ముట్టరు. మూడుసార్లు ఎర్రదీపం వచ్చినవాళ్ళని వంటింటి పనికి పంపిస్తారు. గెలిచిన ప్రశ్నకి మాత్రం లంకలో ఏ తొట్టి అడిగితే ఆ తొట్టిని ఏడాదిపాటు పరిశోధనకి ఇస్తారు.

తినడానికి పనికొచ్చే ఎంగిలిని కాదని, ఎవరూ నోట పెట్టనిదాన్ని వెతుక్కోవడం! గడ్డీ గాదమూ కూడా ఎవరూ తినలేదు మరి.

రెండో రోజు

తెల్లారగానే శ్రమదానం. పెద్ద తొట్టి దగ్గరికి తీసుకెళ్ళారు. లంక మొత్తానికి తాగునీరు ఇక్కడినుంచే. చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళు ఇందులోకి వస్తాయి. తాళ్ళకి వరసలు వరసలుగా వేలాడే ఆలిచిప్పలు ఆ నీళ్ళలో పాచిని తిని తేటపరుస్తాయి. తేటనీరు ఉప్పుజల్లెడలోకి వెళ్ళి మంచినీళ్ళై వస్తుంది. తేటపడకుండా వెళితే జల్లెడ పూడిపోతుంది. ఈ రకం చిప్పలు ఇప్పుడు ఇంకెక్కడా లేవట.

మా పని తట్టడం. పలక మీద నడుస్తూ వెదురుపుల్లతో ఒక్కో చిప్పనీ తట్టాలి. టక్కున మూసుకుంటే బతికున్నట్టు. నోరు తెరుచుకునే ఉంటే చచ్చినట్టు. చచ్చినదాన్ని ఏరి బుట్టలో వెయ్యాలి, లేకపోతే కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. ముప్పై ఏళ్ళుగా ఒక్క పొద్దు కూడా తప్పకుండా ఈ పని చేస్తున్నారని ప్రభంజన్ గర్వంగా చెప్పాడు. నేను పలక మీద కాలు పెట్టానో లేదో, ఆ చప్పుడుకే వరసంతా టపటపా మూసుకుంది. ఈ వర్క్‌షాప్‌లో క్రమశిక్షణ తెలిసినవి ఇవేననిపించింది.

మధ్యాహ్నం మొదటి విడత ప్రశ్నలు. "జెల్లీచేపకి మోకాళ్ళు ఉండి ఉంటే దాని సిగ్గు ఎలా పరిణమించేది?" అని వలీ అడిగాడు. పచ్చదీపం. కెజియా అనే అమ్మాయి మడచెట్ల వేళ్ళ మధ్య ఈర్ష్య గురించి అడిగింది. పచ్చదీపం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ప్రభంజన్ ఆనందంతో గాలిని మరింత పిసికాడు.

నాంచారి అనే పిల్ల లేచింది. మిగతావాళ్ళంతా మెట్టనుంచి పడవల్లో వచ్చినవాళ్ళే. లంకలో పుట్టింది ఈ అమ్మాయి ఒక్కతే. "పెద్ద తొట్టి నీళ్ళు ఎందుకు పచ్చబడుతున్నయ్యి?" అని అడిగింది. ఎర్రదీపం. పాచి పెరగడం వల్ల అని జవాబు చెప్పింది దొడ్డమ్మ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు కానీ, పదికి రెండు మార్కులు వేశాను. గొట్టాలు బాగుచేసేవాణ్ణి అడగాల్సిన ప్రశ్న అది. పరిణామానికి దానితో ఏం పని?

నాలుగో రోజు

స్నానాలు రద్దు. చెంబుడు నీళ్ళు అరచెంబు అయ్యాయి. జల్లెడ సగం పూడిందట. పప్పు ఉడకలేదు, టీ ఆకుపచ్చగా ఉంది. హాల్లో ఆలోచనలు మాత్రం వికసిస్తూనే ఉన్నాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. వలీ ఇవాళ జెల్లీచేప మోకాళ్ళకి చిప్పలు కూడా బిగించాడు.

నాంచారి రెండో ప్రశ్న: "తొట్టిలో చిప్పలు మునుపటంతే ఉన్నా, నీళ్ళు మునుపటిలా ఎందుకు తేటపడటం లేదు?" మళ్ళీ ఎర్రదీపం. చిప్పల సంఖ్య సరిగా ఉంటే నీళ్ళు తేటపడతాయని దొడ్డమ్మ జవాబు. అంటే, నీళ్ళు పచ్చగా లేవని.

సాయంత్రం ఆ పిల్లని పిలిచి మందలించాను. "ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి. నీకేమిటమ్మా ఈ పట్టుదల? ఇంకొక్క ఎర్రదీపం వస్తే గిన్నెలు తోముతావు."

"తోముతానండి. నీళ్ళుంటేగా తోమటానికి," అంది. "వానలొచ్చేలోపు జల్లెడ పూడిందంటే లంకని ఖాళీ చేయిస్తారంట మేడం. మెట్ట సంఘంవోళ్ళు కాగితం కూడా పంపారు. మమ్మల్ని తలా ఒక శిబిరంలో ఏస్తారు. మీరు పదోరోజు పడవెక్కుతారు. మేం ఎక్కితే మళ్ళా దిగేదానికి ఊరుండదు."

ఆలోచించి అడగమని ఒక పనికిమాలిన సలహా ఇచ్చి పంపాను.

అయిదో రోజు

ఆలోచించే అడిగింది. "మనం చచ్చినయ్యని ఏరేసే చిప్పలు నిజంగా చచ్చినయ్యేనా?"

ఎర్రదీపం. తట్టితే మూసుకోని ఆలిచిప్ప చచ్చినది, ఇది ఎప్పుడో తేలిన విషయం అంది దొడ్డమ్మ. ప్రభంజన్ చాలా బాధగా మొహం పెట్టి, "నియమం నియమమే కదా" అన్నాడు. నాంచారి తన పలకా బలపమూ కెజియాకి ఇచ్చేసి వంటింటివైపు వెళ్ళిపోయింది. ఆమె కుర్చీని కూడా వెంటనే తీసేశారు. ఆ విషయంలో మాత్రం ఇక్కడివాళ్ళు చురుకైనవాళ్ళు.

ఏడో రోజు

ఈ రోజు సంగతి జాగ్రత్తగా రాయాలి.

పొద్దున్నే నాంచారి నా గది ముందుకొచ్చి నిలబడింది. "మేడం, ఓసారి వంటింటెనక్కి రండి," అంది. "నీ ప్రశ్న అయిపోయింది కదమ్మా" అన్నాను. "ప్రశ్న అయిపోయిందండి. చిప్పలు అవ్వలేదు," అంది. ఆ మాట తీరు నచ్చక, రెండు మాటలు అనేసి వద్దామనే వెళ్ళాను.

వంటింటి వెనక వల కట్టిన చిన్న మడుగు ఉంది. ఒకప్పుడు అందులో పీతల్ని పెంచేవారు. చచ్చిన చిప్పల్ని వాటికి మేతగా వేసేవారు. పీతలు పోయి చాలా ఏళ్ళయింది. పారబోసే అలవాటు మాత్రం పోలేదు. రోజూ పొద్దున బుట్ట నింపడం, ఇక్కడ బోర్లించడం. వంటింటి పనిలో పడ్డాక ఆ బోర్లించే పని నాంచారికి వచ్చింది.

మడుగులోకి వంగి చూశాను. అడుగున పడి ఉన్న గరిటె కనిపించింది. గరిటె చుట్టూ చిప్పలు, అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పుల్లతో ఒకదాన్ని తట్టాను. కదల్లేదు. ఇంకోటి తట్టాను. కదల్లేదు. "చూశావా, చచ్చినవే!" అన్నాను. గెలిచినట్టే అన్నాను, ఎందుకు దాచాలి.

నాంచారి కొంగున తెచ్చిన పసుపు చిటికెడు తీసి, ఒక చిప్ప మీదుగా నీళ్ళలో వదిలింది. పసుపు నెమ్మదిగా దిగింది. దిగి, పక్కకి తిరిగి, దారంలా సాగి ఆ చిప్ప నోట్లోకి పోయింది. రెండో పక్కనుంచి తేటనీళ్ళు వచ్చాయి.

పక్కదాని మీద వేసింది. అదీ తాగింది. ఆ పక్కది కూడా తాగింది.

"ఇయ్యి చావలేదండి," అంది నాంచారి. "బెదరటం లేదంతే."

అప్పుడుగానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. ముప్పై ఏళ్ళుగా ప్రతి పొద్దూ మనుషులం ఇక్కడ చేస్తున్నదేమిటి? తట్టగానే ఉలిక్కిపడి మూసుకున్నవాటిని తొట్టిలో ఉంచాం. ఎవరు తట్టినా పట్టించుకోకుండా తమ పని తాము చేసుకునేవాటిని ఏరి పారేశాం. ఉలికిపాటువాటికి పుట్టినవి మరింత ఉలికిపాటువి. ఏటికేడాదీ అదే ఏరివేత. ఇప్పుడు పెద్ద తొట్టిలో ఉన్నవి అడుగుల చప్పుడుకే మూసుకుని మధ్యాహ్నందాకా తెరవని పిరికి సంతానం. మూసుకున్న చిప్ప నీళ్ళు తాగదు. తాగని చిప్ప తేటపరచదు. నేను క్రమశిక్షణ అని మెచ్చుకున్నది దాన్ని!

ఇది పరిణామం కాకపోతే ఇంకేది పరిణామం? మా కళ్ళముందు, మా చేతులతో, మా వెదురుపుల్లలతో జరిగింది. పరిణామ శాస్త్రవేత్తలం ఇంతమందిమి రోజూ పొద్దున్నే ఆ పని చేసి, చేతులు తుడుచుకుని, జెల్లీచేపకి మోకాళ్ళు తొడగడానికి హాల్లోకి వెళ్ళాం. ఆ పిల్ల ప్రశ్నకి రెండు మార్కులు వేసినదాన్ని నేను. సిగ్గేసింది.

ఎనిమిదో రోజు

ప్రభంజన్ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. ఓపిక అతని దుర్గుణాల్లో ఒకటి.

"కానీ చాముండేశ్వరి గారూ, ఇది ఎంగిలి. దొడ్డమ్మ జవాబు చెప్పేసింది."

"ఆ జవాబు ముప్పై ఏళ్ళనాటిది. అప్పటి చిప్పలు వేరు."

"జవాబుకి వయసేమిటండీ? నిజమైతే ఎప్పటికీ నిజమే కదా!"

"జీవులు మారతాయనేగా నాయనా నువ్వు ఈ పదిరోజుల తిరనాళ్ళ పెట్టింది! బయట గుమ్మం మీద అంత పెద్ద అక్షరాలతో రాయించావు కూడా!"

"మారతాయండీ. సూత్రరీత్యా మారతాయి," అన్నాడు. తొట్టిలో ఉన్నవి మాత్రం ఆ సూత్రం కిందికి రావని అతని ధీమా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. తట్టుడు ఆపాలంటే తొట్టి చేతిలో ఉండాలి, తొట్టి కావాలంటే గెలవాలి, గెలవాలంటే పచ్చదీపం వెలగాలి. ఇంకో దారి లేదని తేల్చాడు.

అయితే వెలిగిద్దాం అనుకున్నాను. మధ్యాహ్నం నాంచారిని కూర్చోబెట్టుకుని ఆమె ప్రశ్నకి పట్టుచీర కట్టాను. "నిర్భయ శుక్తుల అంతరంగంలో ఆత్మవిశ్వాసపు పరిణామం, దాని సౌందర్యం."

"ఇది అబద్ధం కదండీ," అంది నాంచారి.

"అబద్ధం కాదు, అలంకారం. శుక్తులంటే నీ చిప్పలే."

"చిప్పలకి ఆత్మవిశ్వాసం ఏందండీ?"

"ఇక్కడ ఎవరికి లేదమ్మా అది? పద."

మూడు ఎర్రదీపాల తర్వాత ఆమె అడగకూడదు కాబట్టి నేనే వెళ్ళి ఆమె తరఫున చెప్పాను. దొడ్డమ్మ పచ్చగా వెలగడమే కాదు, గంట కూడా మోగించింది. ప్రభంజన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ లంకలో నీళ్ళకి కరువు లేనిది అక్కడొక్కచోటే. "ఇదీ ఆలోచనంటే!" అని నాంచారి చేతులు పట్టుకున్నాడు. అప్పటికప్పుడు ఆమెని వంటింటినుంచి వెనక్కి పిలిచి, మడుగు దగ్గరికి వెళ్ళి, పసుపు వేయించి స్వయంగా చూశాడు. "నిజంగానే బతికున్నాయే! తాజాగా ఉన్నాయే!" అన్నాడు. నాకెంత సంతోషం వేసిందో. ఈ మనిషికి కూడా కళ్ళు తెరుచుకుంటాయన్నమాట అనుకున్నాను.

తొమ్మిదో రోజు

ముగింపు సభ. ముఖ్య అతిథి మెట్ట సంఘం పెద్ద, రాజారత్నం గారు. లంకని ఉంచాలో ఖాళీ చేయించాలో ఈయన సంతకం మీదే ఉంది. నాంచారి ప్రశ్నకే మొదటి బహుమతి. తనకి పెద్ద తొట్టి కావాలనీ, తట్టుడు ఆపాలనీ, మడుగులో చిప్పల్ని తెచ్చి తొట్టిలో కట్టాలనీ వేదిక మీద స్పష్టంగా చెప్పింది. విన్నవాళ్ళెవరు? రాజారత్నం గారు ఆత్మవిశ్వాసం గురించి తన బాల్యంలోని ఒక సంఘటన చెప్పారు. చాలా పొడుగు సంఘటన. తొట్టి సంగతి భోజనాల తర్వాత చూద్దామన్నాడు ప్రభంజన్.

భోజనాల్లో ఇగురు వడ్డించారు. చిప్పలతోనే వండి తేవడం వంటవాడు బాబ్జీకి గొప్ప. మసాలా అదిరింది. నేను ఏ పీతో గుల్లో అనుకున్నాను, అసలు అనుకోనేలేదు, ఆకలి మీద ఉన్నాను. ఈ తొమ్మిది రోజుల్లో నేను మెచ్చుకున్నది దాన్నొక్కదాన్నే. మళ్ళీ వడ్డించమన్నాను.

రెండోసారి కంచం సగమయ్యేసరికి నాంచారి వచ్చింది. అతిథికి చూపించడానికి నాలుగు చిప్పలు తెస్తానని మడుగు దగ్గరికి వెళ్ళిన పిల్ల, వట్టి చేతులతో వచ్చింది. కంచాల వంక చూసింది. నా కంచం వంక కూడా చూసింది.

"మడుగు ఖాళీగా ఉందండి," అంది.

బాబ్జీ గరిటె పట్టుకుని అక్కడే ఉన్నాడు. "డైరెక్టరు గారే తియ్యమన్నారమ్మా. బతికున్న సరుకుని ఊరికే పాడేయటం దేనికి, పెద్దాయనొస్తన్నారు, ఇగురు పెట్టమన్నారు. సగం బుట్ట ఇంకా ఉంది, రాత్రికి."

నా నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది.

నాంచారి ఏడవలేదు, అరవలేదు. "అయ్యి చచ్చినయ్యని రోజూ మనం పారేసినయ్యండి," అంది. "అయ్యే మా నీళ్ళు."

రాజారత్నం గారికి రెండో మాట వినిపించలేదు. మొదటిది వినిపించింది. "చచ్చినవా?" అన్నారు, చెయ్యి కంచంలోనే ఉంచి.

"అబ్బే, కాదండీ..." అన్నాడు ప్రభంజన్.

నేను లేచాను. "ఎందుకొచ్చిన అనుమానం? దొడ్డమ్మని అడిగితే పోలా," అని ఎంగిలి చేత్తోనే వెళ్ళి అడిగాను. "తట్టితే మూసుకోని ఆలిచిప్ప బతికున్నదా, చచ్చినదా? తింటే ఏమవుతుంది?"

ఎర్రదీపం. హాలంతా మోగేలా దొడ్డమ్మ జవాబు. "చచ్చినది. తినరాదు. విషం."

రాజారత్నం గారి రంగు మారింది, ఇక్కడి మంచినీళ్ళ రంగులోకి. పొట్ట పట్టుకుని ప్రభంజన్ వైపు తిరిగారు. "ఏవయ్యా, నేను తిన్నవి చచ్చినవా, బతికినవా?"

ప్రభంజన్ దొడ్డమ్మ వంక చూశాడు, అతిథి పొట్ట వంక చూశాడు. చచ్చినవంటే అతిథికి విషం పెట్టినట్టు. బతికినవంటే దొడ్డమ్మ మాట తప్పినట్టు. అతని జీవితంలో మొదటిసారి నిజమైన ప్రశ్న ఎదురైంది.

"బతికినవేనండీ!" అని అరిచాడు చివరికి. "నిక్షేపంగా బతికినవే! దొడ్డమ్మది పాత జవాబు! ఇప్పటి చిప్పలకి ఆ పరీక్ష పనికిరాదు!"

"అందరూ విన్నారుగా," అన్నాను. "పనికిరాని పరీక్షని రేపు పొద్దున ఎవరు చేస్తారు మరి?"

"ఎవడూ చెయ్యడు!" అన్నారు రాజారత్నం గారు, ఇంకా పొట్ట మీద చెయ్యి తియ్యకుండా. "వానలు పోయేదాకా ఆ తొట్టి ఆ పిల్లకి ఇచ్చెయ్యండి. అప్పటిదాకా ఖాళీ చేయించే మాట ఎత్తను. నాకు మాత్రం ముందు డాక్టర్ని పిలవండి."

ఊరిని నిలబెట్టింది శాస్త్రం కాదు, అజీర్తి భయం. నాంచారి అప్పటికే అక్కడ లేదు. వంటింట్లోకి పరిగెత్తి, పొయ్యి పక్కనున్న సగం బుట్టనీ చంకనెత్తుకుని తొట్టి వైపు పోతోంది.

పదో రోజు

పొద్దున్నే పడవ వెళ్ళిపోయింది. వలీ జెల్లీచేపకి రెండో బహుమతి వచ్చింది, దాన్ని గుండెకి హత్తుకుని ఎక్కాడు. ప్రభంజన్ వచ్చే ఏటి వర్క్‌షాప్‌కి "ఆత్మవిశ్వాసం" అనే అంశం ప్రకటించాడు. దొడ్డమ్మ జవాబు మార్చడానికి మెట్ట మీద సంఘం కూర్చోవాలట. ఆ సంఘాన్ని వెయ్యడానికి ఇంకో సంఘం కూర్చోవాలట. నేను పడవ ఎక్కలేదు. ఇంకొన్నాళ్ళుంటానని చెప్పి తొట్టిలోకి దిగాను.

నడుం లోతు నీళ్ళు. పాచికి నా చేతులు నాకే కనిపించడం లేదు. నాంచారి బుట్టలోంచి ఒక్కో చిప్పా అందిస్తుంటే, నేను తాళ్ళకి కడుతున్నాను. బుట్ట అడుగు చాలా తొందరగా కనిపించింది. ఇంత తొట్టికి అవి ఏ మూలకి? పెరిగి, పిల్లలు పెట్టి, ఆ పిల్లలు పెరిగి నీళ్ళు తేటపడేసరికి ఎన్ని వానలు రావాలో ఎవరికి తెలుసు. వచ్చేవి ఒక్క ఏటి వానలే. ఆ తర్వాత పెద్దాయనకి మళ్ళీ కాగితం గుర్తొస్తుంది.

"ఆ మడుగులోయి మొత్తం ఉండి ఉంటే సరిపోయేయండి," అంది నాంచారి. నింద వేస్తున్నట్టు కాదు, లెక్క చూస్తున్నట్టు అంది. కాసేపు తాడు సర్దింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"మేడం, మీరెన్ని తిన్నారు నిన్న?"

ఈ పదిరోజుల్లో నేను విన్నవాటిలో నాకు జవాబు తెలిసిన ప్రశ్న ఇదొక్కటే.

"లెక్కపెట్టలేదమ్మా," అన్నాను.

తిన్న చిప్పల్ని కంచం పక్కన పేర్చుకోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఇరవై మూడు.